అవును అనుటకు ముందు



ఈ నెల మీతో ఒక చిన్న బటనును గురించి మాట్లాడవలెనని ఆశపడుచున్నాను. కంప్యూటరు ముందు కూర్చొని పనిచేసిన వారికి అది బాగుగా తెలుసు. ఏదో ఒక కొత్త ప్రోగ్రామును కంప్యూటరులో ఎక్కించబోతాము. వెంటనే తెర అంతా మసకబారుతుంది. మధ్యలో ఒక చిన్న పెట్టె నిలిచి, ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో మార్పులు చేయుటకు అనుమతి ఇస్తారా అని అడుగుతుంది. క్రింద రెండే బటన్లు ఉంటాయి. ఒకటి అవును, రెండవది కాదు.

ఇంట కంప్యూటరు లేనివారు కూడ ఈ ప్రశ్నను తప్పించుకొనలేరు. మన చేతిలోని ఫోను కూడ ఒక చిన్న కంప్యూటరే. ఫోటోలు చూడనివ్వాలా, మెసేజీలు చదవనివ్వాలా, మీరు ఎక్కడ ఉన్నారో తెలిసికొననివ్వాలా అని అది రోజుకు ఎన్నిసార్లు అడుగుచున్నదో మీకే తెలుసు. మనలో ఎక్కువమంది ఏమి చేయుచున్నాము? చదువకుండనే అవునని నొక్కి ముందుకు పోవుచున్నాము. ఇతరులను గురించి చెప్పుటకు ముందు నా తప్పు నేను ఒప్పుకొనవలెను.

ఇది 2019వ సంవత్సరములో జరిగిన సంగతి. మా సంఘములో స్త్రీల సమాజము వారు పొదుపు నడుపుచున్నారు. 38 మంది సహోదరీలు నెలకు తలా 200 రూపాయలు కట్టేవారు. అవసరమైనవారు అందులోనుండి అప్పు తీసుకొని నెలనెలా తీర్చేవారు. వారిలో మిరపకాయల కోతకు కూలికి పోయేవారు ఉన్నారు, ఒక గేదెను పెట్టుకొని పాలు పోసి బ్రతికేవారు ఉన్నారు. 200 రూపాయలు వారికి చిన్న మొత్తము కాదు. డబ్బు బ్యాంకులోనే ఉన్నది. అయితే ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత అప్పు తీసుకొన్నారు, ఎంత తీర్చారు అనే లెక్క అంతయు సంఘ కార్యాలయములోని కంప్యూటరులో నేనే ఎక్కించేవాడను.

క్రిస్మస్ కార్యక్రమ పత్రిక తెలుగులో టైపు చేయవలసి వచ్చినది. అందుకు కావలసిన ప్రోగ్రామును కొనుటకు డబ్బు చాలలేదు. తెలిసినవారొకరు పెన్‌డ్రైవులో ఒక నకలు తెచ్చి, "కొనక్కర్లేదు అయ్యగారూ, ఊరికే పనిచేస్తుంది" అన్నారు. వెల పెట్టి కొనవలసిన దానిని కొనకుండ వాడుకొనుట తప్పని నాకు తెలుసు. తెలిసే తీసుకొన్నాను. నా మొదటి తప్పు అది.

దానిని ఎక్కించబోగా తెర మసకబారి ఆ ప్రశ్న వచ్చినది. పైన పసుపుపచ్చ పట్టీ ఉన్నది. ప్రచురించినవారు ఎవరన్న చోట, తెలియదు అని స్పష్టముగా వ్రాసి ఉన్నది. నా కన్ను దాని మీద పడినది గాని నా మనస్సు దానిని చదువలేదు. అలవాటు చొప్పున అవునని నొక్కాను. నా రెండవ తప్పు అది.

మరునాడు ఉదయము లెక్కల ఫైలు తెరువబోతే తెరుచుకొనలేదు. ఏ ఫైలు చూచినను దాని పేరు చివర ఎన్నడు చూడని అక్షరములు తగిలించి ఉన్నవి. ప్రతి ఫోల్డరులోను ఒక ఉత్తరము ఉన్నది. మీ ఫైళ్లకు తాళము వేశాము, డబ్బు పంపితే తాళపుచెవి ఇస్తాము అని దాని భావము. వేరే చోట నకలు తీసి ఉంచితినా అంటే లేదు. దొంగ కిటికీ విరుచుకొని రాలేదు. తలుపు తట్టి నిలబడ్డాడు. నేను లేచి గడియ తీశాను.

అసలు ఈ ప్రశ్న కంప్యూటరులోనికి ఎందుకు వచ్చినదో తెలిసికొంటే మనకు మేలు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మన దేశములో కూడ ఎంతో ప్రసిద్ధి పొందినది. అందులో ఇంటి కంప్యూటరు వాడే మనిషికి సాధారణముగా సర్వాధికారము ఉండేది. అతడు తెరచిన ప్రతి ప్రోగ్రామునకు కూడ ఆ అధికారమే వచ్చేది. ఇంటి యజమాని ఎవరిని లోపలికి పిలిచినా, వారి చేతికి బీరువా తాళములు కూడ ఇచ్చినట్లు అన్నమాట. దానికి ముందే 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ దేశములో పుట్టిన ఒక వైరస్ ప్రేమలేఖ వేషములో ఈమెయిళ్ల ద్వారా లోకమంతట వ్యాపించినది. దానిని తెరచినవారు ఎవరి బలవంతము చేతను తెరువలేదు. తమంతట తామే తెరిచారు.

ఇటువంటి అనుభవముల తరువాత మైక్రోసాఫ్ట్ వారు విండోస్ విస్టా అనే దానిని తయారు చేసి 2007 జనవరి 30న ప్రజలకు అందించారు. కంప్యూటరులో ముఖ్యమైన మార్పు జరుగబోయేటప్పుడు యజమానిని అడుగవలెనన్న నియమము అందులో పెట్టారు. తెర మసకబారుట కూడ ఊరికే కాదు. ఆ క్షణములో వేరే ప్రోగ్రాము ఏదియు మనకు బదులుగా ఆ బటనును నొక్కకుండునట్లు ఆ ప్రశ్నను వేరుపరచి ఉంచుతారు. జవాబు మనిషే చెప్పవలెను.

అయితే విస్టా మరీ ఎక్కువగా అడిగేది. జనులు విసిగిపోయారు. పోటీ సంస్థయైన ఆపిల్ వారు దీనిని ఎగతాళి చేయుచు ఒక ప్రకటన కూడ తీశారు. అందులో కాపలావాడు ఒకడు ప్రతి మాటకును అడ్డు వచ్చి అనుమతించాలా, మానాలా అని అడుగుచుంటాడు. 2008 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సభలో మైక్రోసాఫ్ట్ అధికారి డేవిడ్ క్రాస్ దాచకుండ ఒక మాట ఒప్పుకొన్నారు. జనులకు విసుగు కలిగించుటకే దీనిని పెట్టామని ఆయన చెప్పినదాని సారాంశము. జనులు విసుగుకొంటే, అక్కరలేకపోయినా సర్వాధికారము అడిగే ప్రోగ్రాములను తయారుచేసేవారు సిగ్గుపడి తమ పద్ధతి మార్చుకొంటారని వారి ఆలోచన. అది కొంతవరకు నెరవేరినది. అటువంటి ప్రశ్న పుట్టించే ప్రోగ్రాములు, పనులు ఒక్క ఏడాదిలో సుమారు 7,75,000 నుండి 1,68,000కు తగ్గినవని వారే 2008లో ప్రకటించారు.

కాని అదే సమయమున వారు మరొక సంగతి కూడ బయటపెట్టారు. నన్ను పట్టుకొన్నది ఇదే. విస్టా అడిగిన ప్రశ్నలలో నూటికి 89 ప్రశ్నలకు జనులు అవునని జవాబిచ్చారు. మార్పులు చేసిన తరువాత అది నూటికి 91 అయినది. ప్రశ్న చదివి ఆలోచించి కాదు, అలవాటు చొప్పున నొక్కుచున్నారని వారే దిగులుపడ్డారు. అందుచేత 2009 అక్టోబరు 22న విడుదలైన విండోస్ 7లో ప్రశ్నలను తగ్గించి, ఎంత తరచుగా అడుగవలెనో యజమాని నాలుగు మెట్లలో నిర్ణయించుకొనే వీలు కల్పించారు.

ఇది చదివినప్పుడు నాకు యెహోషువ గ్రంథము 9వ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. గిబియోనీయులు దగ్గరి ఊరివారే. కాని పాతగిలిన చెప్పులు తొడుగుకొని, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు పట్టుకొని, ఎండి బూజుపట్టిన రొట్టెలు తెచ్చి, మేము చాలా దూరదేశమునుండి వచ్చామని నమ్మబలికారు. ఇశ్రాయేలీయులు వారిని అసలు అడుగలేదా? అడిగారు. మీరు మా మధ్యనే ఉండేవారేమో అని ఒక మాట అన్నారు. సరియైన ప్రశ్న వారి నోటనే వచ్చినది. అయితే దాని దగ్గర నిలువలేదు. రొట్టెలను చూచారు, చెప్పులను చూచారు, ప్రభువునొద్ద విచారణ చేయకుండ ఒడంబడిక చేసికొన్నారు. మూడు దినములకే నిజము తెలిసినది. అప్పటికి ప్రమాణము చేసి ఉన్నారు గనుక వెనుకకు తీసికొనలేకపోయారు.

ప్రియులారా, ప్రశ్న అడుగబడుట చాలదు, దాని దగ్గర మనము నిలువవలెను. నా ముందు కూడ సరియైన ప్రశ్న సరియైన సమయమునకు వచ్చినది. రానిది నా శ్రద్ధయే.

మా లెక్క ఏమైనదో చెప్పవలెను గదా. స్త్రీల సమాజములో ఒక పెద్దమ్మ ఉన్నారు. చదువు ఐదవ తరగతి వరకే. ప్రతి నెల కూడికలో నేను మొత్తము చదివి ముగించబోతే ఆమె లేచేది. "అయ్యగారూ, మొత్తము కాదు, పేరుపేరునా చదవండి" అనేది. చీకటి పడుతున్నదని, వంట చేసుకోవాలని మిగిలినవారు గొణిగేవారు. నాకును విసుగు పుట్టేది. ఒక నెల ఆగలేక, "పెద్దమ్మా, మా మీద నమ్మకము లేదా?" అన్నాను. ఆమె నెమ్మదిగా, "నమ్మకం ఉంది కాబట్టే అడుగుతున్నా అయ్యగారూ. నమ్మకం లేకపోతే డబ్బులే కట్టను" అన్నది. ఆనాడు ఆ మాట విలువ నాకు తెలియలేదు.

ఫైళ్లు పోయిన ఆదివారము ఆరాధన తరువాత నిలబడి జరిగినదంతా సంఘము ఎదుట చెప్పాను. దొంగ నకలు సంగతి కూడ దాచలేదు. కొందరి ముఖములలో అనుమానము కనబడినది. అది వారి తప్పు కాదు. లెక్క చూపలేని కాపరిని ఎవరు నమ్ముతారు? అప్పుడు ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్లి ఒక పొడుగు నోటుపుస్తకము తెచ్చింది. నేను పేరుపేరునా చదివిన ప్రతి నెల ఆమె ఇంటికి వెళ్లి, మరచిపోకముందే పెన్సిలుతో వ్రాసుకొన్నది. పేరుకు ఎదురుగా కట్టిన నెలకు ఒక గీత, అప్పు తీసుకొంటే ఆ అంకె. నాలుగు సాయంత్రములు అందరము కూర్చొని, బ్యాంకు పుస్తకముతో సరిచూచి లెక్క మరల కట్టాము. ఇద్దరు సహోదరీల లెక్కలో కలిపి 600 రూపాయలు తేడా వచ్చినది. అది నేను పెట్టుకొన్నాను. తాళము వేసినవారికి ఒక్క రూపాయి కూడ పంపలేదు.

మేము విసుగుకొన్న ప్రశ్నయే మమ్మును కాపాడినది. అప్పటినుండి కూడికలో లెక్కను పేరుపేరునా చదువుచున్నాము. ఎవరును గొణుగుటలేదు.

ఇక మన ఇండ్లలో మనము ఏమి చేయవలెనో కొన్ని మాటలు చెప్పనివ్వండి.

మొదటిది. ప్రశ్న రాగానే, ఈ పని నేను మొదలుపెట్టినదేనా అని మిమ్మును మీరే అడుగుకొనండి. మీరు ఏమియు ఎక్కించకుండ, ఏమియు మార్చకుండ ఊరికే ఆ పెట్టె ప్రత్యక్షమైతే, కాదు అని నొక్కండి. కాదన్నదానిని తెలిసికొని రేపు అవుననవచ్చును. అవునన్నదానిని రేపు కాదనుట చాలాసార్లు మన చేతిలో ఉండదు.

రెండవది. ప్రోగ్రాము పేరు, దానిని చేసినవారి పేరు చదువండి. కన్ను తెలియని ఇంగ్లీషు మాట మీద పడితే ఇంట చదువుకొనుచున్న పిల్లలను పిలిచి చదివించుకొనండి. అందులో అవమానము లేదు.

మూడవది. కంప్యూటరు ఉన్న ఇంట దినదినము వాడుకొనుటకు ఒక సాధారణ ఖాతాను, మార్పులు చేయుటకు పాస్‌వర్డు ఉన్న వేరొక ఖాతాను పెట్టుకొనండి. పిల్లలకు సాధారణ ఖాతాయే ఇవ్వండి. అప్పుడు ముఖ్యమైన మార్పు చేయవలెనంటే ఒక్క బటను చాలదు, పాస్‌వర్డు కొట్టవలెను. ఆ కొట్టే లోపల ఆలోచించుటకు సమయము దొరుకుతుంది. అయితే ఈ ప్రశ్న ఒక్కటే సమస్తమును కాపాడుననుకొనవద్దు. మన ఫైళ్లను పాడుచేసే కొన్ని వైరసులు ఏమియు అడుగకుండనే తమ పని చేయగలవు. గనుక ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి, కంప్యూటరు నుండి ఊడదీసిన డిస్కులో వేరే చోట ఉంచండి. సంఘ లెక్కలైతే కాగితము మీద కూడ ఉంచండి.

నాల్గవది. అప్‌డేటు చేయుమని కంప్యూటరు అడిగినప్పుడు రేపు, ఎల్లుండి అని వాయిదా వేయవద్దు. పని మధ్యలో అడుగుతుంది, ఆపి మరల వెలిగించమంటుంది, విసుగే. కాని 2017లో ఏమి జరిగినదో చూడండి. విండోస్‌లోని ఒక లోపమునకు మార్చి 14న మందు విడుదలైనది. మే 12న వన్నాక్రై అనే వైరస్ ఆ లోపము గుండానే ప్రవేశించి సుమారు 150 దేశములలో కంప్యూటర్లకు తాళము వేసినది. ఇంగ్లాండులో ఆస్పత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ దాని బారిన పడినవి. మందు వచ్చి దాదాపు రెండు నెలలు గడిచినను అనేకులు వేసికొనలేదు.

ఐదవది ఫోనులు వాడే మనందరికి. వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ అని, పీఎం కిసాన్ డబ్బు అని, బండికి చలానా అని ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఇంగ్లీషు అక్షరములు ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. దానిని నొక్కితే, తెలియని చోటనుండి వచ్చిన యాప్‌ను ఎక్కించుకోవాలా అని ఫోను అడుగుతుంది. అవునంటే, మెసేజీలు చదవనివ్వాలా అని అడుగుతుంది. దానికి కూడ అవునంటే బ్యాంకు పంపే ఓటీపీ దొంగ చేతికి చిక్కుతుంది. ఎన్నిసార్లు తలుపు దగ్గర ఆపి అడిగినదో చూచారా? ఒక్కసారి కాదంటే చాలును. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, మీ బ్యాంకుకు తెలియజేయండి. గంటలు గడిచేకొలది డబ్బు చేతులు మారిపోతుంది.

తలిదండ్రులకు ఒక మాట. విస్టా చేసిన పొరపాటు మనము కూడ చేయుచుంటాము. చిన్నదానికి పెద్దదానికి ఒకే గొంతుతో వద్దు, వద్దు అంటే పిల్లలు వినుట మానివేస్తారు. చెప్పులు వంకరగా విప్పినందుకును, చెడు స్నేహమునకును ఒకే కేక వేస్తే, పిల్లవానికి రెండును ఒకే శబ్దముగా వినబడతాయి. తక్కువగా అడుగండి, ముఖ్యమైనవి అడుగండి, అడిగినప్పుడు జవాబు కొరకు నిలువండి. కాపరులమైన మాకు కూడ ఈ మాట వర్తించును.

మరియు అడిగేవారిని చూచి విసుగుకొనకండి. ఇంత రాత్రి ఎక్కడికిరా అని అడిగే తల్లి, ఆ డబ్బు ఎక్కడిదండీ అని అడిగే భార్య, పేరుపేరునా చదవమని అడిగే పెద్దమ్మ. వీరిని దేవుడు మన ద్వారము దగ్గర నిలిపాడు. మనలో మనస్సాక్షిని కూడ ఆయనే ఉంచాడు. అది మొదటిసారి అడిగినప్పుడు గట్టిగా అడుగుతుంది. చదువకుండ అవునన్న కొలది దాని స్వరము మనకు అలవాటైపోతుంది. అది నోరు మూసికొనలేదు, మనమే దానిని వినుట మానివేశాము.

ఈ నెలలో ఒక పని చేయండి. తెర మీద గాని, ఇంట గాని, హృదయములో గాని ప్రశ్న వచ్చినప్పుడు ఒక్క శ్వాస తీసికొనునంత సేపు ఆగండి. చదువండి. ప్రభువునొద్ద విచారించండి. తరువాతనే అవును అనండి, లేక కాదు అనండి.

ప్రభువు మీ రాకపోకలను, మీ ద్వారములను, మీ కుటుంబములను కాపాడునుగాక. ఆమేన్.